ఒత్తుల నోటుబుక్కు: నాలుగేండ్లు ఆగిపోయిన ఒక ఫాంట్ కన్వర్టర్ మళ్ళీ ఎలా నడిచింది

2021 ఎండాకాలంలో మా కాలనీలో ఉండే రిటైర్డ్ తెలుగు సార్ ఒక సీడీ పట్టుకొని మా ఇంటికి వచ్చారు. వాళ్ళ ఊరి చరిత్ర, చెరువులు, ఇంటిపేర్లు, జాతరలు, రజాకార్ల కాలంలో జరిగినవి అన్నీ పోగుచేసి రాసి, ఇరవై ఏండ్ల కింద హనుమకొండ చౌరస్తా దగ్గర డీటీపీ చేయించిన పుస్తకం అది. అచ్చు కాపీలు ఎప్పుడో అయిపోయాయి. మనవరాలు ఫోన్‌లో చదువుతానంటే ఫైలు పంపారట, "తాతా, అన్నీ పిచ్చి గీతలే వస్తున్నాయి" అని అటు నుంచి ఫోన్ వచ్చిందట. "దీన్ని ఏమన్న చెయ్యొస్తదా బాబూ?" అని అడిగారు.

ఆ ఫైళ్ళు పేజ్‌మేకర్ అనే పాత పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్‌వి, ఫాంటు పేరు 'అను'. డీటీపీ షాపుల్లో పనిచేసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు కానీ మిగతావాళ్ళ కోసం కొంచెం వివరిస్తాను, ఎందుకంటే ఈ కేసు మొత్తం ఇక్కడే ఉంది. ఇప్పటి ఫోన్లూ కంప్యూటర్లూ వాడే యూనికోడ్ పద్ధతిలో తెలుగు అక్షరం తెలుగు అక్షరంగానే దాచబడుతుంది. 0C00 నుంచి 0C7F దాకా 128 స్థానాలు మన లిపికి ఉన్నాయి. పాత ఫాంట్లలో అట్లా కాదు, లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే, ఫాంటు వాటిమీద తెలుగు బొమ్మ కప్పుతుంది. ఒక ఫాంటులో పట్టేవి 256 స్థానాలు, అందులోనూ కొన్ని వాడుకోవడానికి రావు. తెలుగు గుణింతాలన్నీ, ఒత్తులన్నీ అందులో పట్టవు కాబట్టి అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఏత్వం ఒక ముక్క. వకు కొమ్ములాంటి తోక తగిలించి మ చేసిన ఫాంట్లు కూడా ఉన్నాయి. ఫాంటు లేని మిషన్ మీద ఇదంతా చెత్తలా కనిపిస్తుంది. వరంగల్, కరీంనగర్, జగిత్యాల షాపుల్లో అట్లా మూలుగుతున్న పుస్తకాలు, సావనీర్లు, కవితా సంకలనాలు ఎన్నో నేను కళ్ళారా చూశాను.

వెతికితే దీనికోసమే, అంటే పాత ఫాంటు రాతను యూనికోడ్‌లోకి మార్చడానికి, రాసిన ఒక ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచిన) కన్వర్టర్ దొరికింది. నడిపించాను. నడిచింది, కానీ "పత్రిక" ఉన్న ప్రతిచోటా "ప్రతిక" అని వచ్చింది, "చక్రం" కాస్తా "చ్రకం" అయ్యింది. గిట్‌హబ్ సైట్‌లో దాని కోడ్ ఉండే చోటికి, అంటే రిపోలోకి, వెళ్ళి చూస్తే చివరి కమిట్ (కోడ్‌లో చేసిన మార్పు) 2017లో ఉంది. 61 ఇష్యూలు (వాడేవాళ్ళు రాసిన ఫిర్యాదులు) తెరిచే ఉన్నాయి, వాటిలో ఈ ప్రతిక గోల గురించే ఏడెనిమిది. 9 పుల్ రిక్వెస్టులకు, అంటే బయటివాళ్ళు కోడ్ సరిచేసి పంపిన మార్పులకు, జవాబే లేదు. నేనూ ఒక ఇష్యూ రాసి నెల రోజులు ఎదురుచూశాను. ఏమీ రాలేదు.

తర్వాత రెండున్నరేండ్లలో ఏం జరిగిందో రాస్తున్నాను. పనికిరాని పనులు కూడా రాస్తాను, ఎందుకంటే మొదటి ఆరు నెలలు వాటికే పోయాయి.

కొత్తగా రాసేద్దాం అనుకోవడం

కోడ్ తెరవగానే ప్రతి ప్రోగ్రామర్‌కు వచ్చే ఆలోచనే నాకూ వచ్చింది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పాత వెర్షన్ పైథాన్ 2లో రాసిన కోడ్, పైథాన్ 2కు 2020 జనవరి 1తోనే ఆయుష్షు తీరింది, ఒకే ఫైలు, అందులో ఒకదాని కింద ఒకటి వందల కొద్దీ ఇఫ్ షరతులు, కామెంట్లు లేవు. దీన్ని బాగుచేసే బదులు జావాస్క్రిప్ట్‌లో శుభ్రంగా కొత్తది రాస్తే బ్రౌజర్‌లోనే నడుస్తుంది కదా అనుకొని రాత్రుళ్ళు కూర్చొని రెండు నెలలు రాశాను.

నా కొత్త కోడ్ చూడటానికి ముచ్చటగా ఉంది. సార్ పుస్తకం మీద పాతదాన్నీ నాదాన్నీ పక్కపక్కన నడిపిస్తే నాదే ఎక్కువ తప్పులు చేసింది. ఎందుకంటే పాత కోడ్‌లో నాకు అడ్డదిడ్డంగా కనిపించిన ఒక్కో ఇఫ్ వెనక ఎవరో ఒకరికి ఎదురైన ఒక్కో తప్పు ఉంది. ఫలానా ఫాంటులో ఘ, ఝ ఎట్లా ముక్కలయ్యాయి, ఫలానా గుర్తు వర్డ్‌లో అతికించగానే ఎందుకు మారుతుంది, ఇట్లాంటివి. ఆ చివరిది చాలామందికి తెలియదు. వర్డ్ తనంతట తాను నిటారు కోట్ గుర్తును వంకర కోట్‌గా మారుస్తుంది. ఇంగ్లీషులో అది అందం కోసం చేసే మార్పు, ఇక్కడ ఆ గుర్తే ఒక తెలుగు ముక్క కాబట్టి అక్షరమే మారిపోతుంది. పాత కోడ్ రాసినాయన అది పట్టుకొని రెండు గుర్తులకూ ఒకే అక్షరం ఇచ్చాడు. నేను అనవసరమని తీసేశాను. ఆ రెండు నెలల పని పక్కన పెట్టి పాత రిపోకే తిరిగి వచ్చాను.

అక్టోబర్ వరద

రెండో తప్పు మనుషుల కొరత అనుకోవడం. 2021 అక్టోబర్‌లో నా ఫోర్క్‌కు, అంటే ఆ రిపో నుంచి నేను తీసుకున్న నకలుకు, హాక్టోబర్‌ఫెస్ట్ ట్యాగ్ తగిలించి (ఓపెన్ సోర్స్‌కు మార్పులు పంపమని ఏటా అక్టోబర్‌లో జరిగే కార్యక్రమం అది; అంతకు ముందు ఏడాది ప్రపంచమంతా పనికిమాలిన పుల్ రిక్వెస్టులు ముంచెత్తితే, అడిగిన రిపోలకే పరిమితం చేశారు కదా, ఆ ట్యాగ్) దగ్గర్లోని ఒక ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్ళి గంటసేపు మాట్లాడాను. నా ఫోర్క్‌కు వారంలో ముప్పైకి పైగా పుల్ రిక్వెస్టులు వచ్చాయి. ఇరవైకి పైగా రీడ్‌మీలో (ప్రాజెక్టును పరిచయం చేసే ఫైలులో) కామాలు, హెడ్డింగులు, బొమ్మలు. ఇద్దరు నిజంగా కోడ్ ముట్టుకున్నారు, ఆ ఇద్దరికీ నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను, ఎందుకంటే వాళ్ళ మార్పు మంచిదా చెడ్డదా తేల్చడానికి నా దగ్గర కొలబద్ద ఏదీ లేదు. ఒక ఒత్తు బాగుచేస్తే ఇంకో ఒత్తు చెడిపోయిందేమో ఎట్లా తెలుస్తుంది? కళ్ళతో చూడాలి. మూడు వందల పేజీలు కళ్ళతో చూడాలి.

పిల్లల తప్పేం లేదు. నేను వాళ్ళకు చేయదగిన పని ఒక్కటీ తయారుగా పెట్టలేదు. ఆ ఇద్దరిలో ఒకమ్మాయి తర్వాత మళ్ళీ వచ్చింది, ఆమె సంగతి కింద చెప్తాను.

అన్నకు ఫోన్

నా ఫోర్క్‌కు ఎంత చేసినా ఒక సమస్య తీరదని అప్పటికి అర్థమైంది. షాపుల్లో అందరి దగ్గరా ఉన్నది పాత లింకు. వెతికితే వచ్చేదీ అదే. నేను ఫోర్క్‌లో ఎన్ని సరిచేసినా వాళ్ళకు చేరవు. ఇంకోటి, అసలు ఆ రిపోలో లైసెన్స్ ఫైలే లేదు. కోడ్ అందరికీ కనిపిస్తోంది కదా అని ఓపెన్ సోర్స్ అనుకున్నాం కానీ లైసెన్స్ రాయకపోతే కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులన్నీ రాసినాయనవే. గిట్‌హబ్ నిబంధనలు చూడటానికి, అక్కడే ఫోర్క్ చేసుకోవడానికి ఒప్పుకుంటాయి అంతే. దాన్ని సరిచేసి ఇంకొకరికి పంచే హక్కు నాకు లేదు.

ఆయన ఈమెయిల్ పనిచేయడం లేదు. ఆయనది కరీంనగర్ వైపు అని పాత కామెంట్లలో ఒకచోట ఉంటే, అటు ఉన్న స్నేహితుల ద్వారా అడిగి అడిగి నంబర్ పట్టుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఫోన్ చేయడానికి నాకు కొంచెం టెన్షన్‌గానే ఉంది. ఎత్తగానే పరిచయం చేసుకొని విషయం చెప్పాను.

"ఫోర్క్ చేస్కోరాదు తమ్మీ, నన్నెందుకు అడుగుతున్నవ్?" అన్నాడు.

"పేరు మీది అన్నా. షాపులల్ల అందరూ మీ లింకే వాడుతున్నరు, నాది ఎవలకు తెల్వది."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. 2011లో రాయడం మొదలుపెట్టాడు, అప్పుడు గూగుల్ కోడ్ అనే సైట్‌లో ఉండేది, దాన్ని మూసేస్తున్నామని 2015లో ప్రకటించాక గిట్‌హబ్‌కు మార్చాడు. తర్వాత పెళ్ళి, ఇద్దరు పిల్లలు, ఉద్యోగంలో రాత్రి షిఫ్టు. ఇష్యూ మెయిల్ వచ్చిన ప్రతిసారీ బాకీ ఉన్నట్టు అనిపించేదట, ఒకరోజు నోటిఫికేషన్లే ఆపేశాడట. "ఎవలన్న అడుగుతరేమో అని చూసిన కొన్నొద్దులు. అందరు తిట్టినోళ్ళే గని, నాకియ్యి నేను చేస్త అన్నోళ్ళు లేరు."

ఆగిపోయిన ప్రాజెక్టు ఎవరిదైనా మీరు తీసుకోవాలనుకుంటే ఇక్కడ నేను చేసిన ఒక్క పని మాత్రం గట్టిగా చెప్తాను: "సాయం చేయండి" అని అడగలేదు. మూడే అడిగాను. లైసెన్స్ ఫైలు పెట్టండి, నాకు రాసే అనుమతి ఇవ్వండి, పైథాన్ ప్యాకేజీల జాబితాలో ఆ పేరుకు నన్ను రెండో యజమానిగా చేర్చండి. గంట పని. ఇందులో ఏదీ మీరు మళ్ళీ కోడ్ రాయాలని కాదు అని కూడా చెప్పాను. మనిషి దొరక్కపోతే ప్యాకేజీ పేరు బదిలీకి పెప్ 541 అనే పద్ధతి ఉంది, కానీ మనిషి దొరికినప్పుడు అది ఎందుకు? ఆ శనివారం రాత్రే ఆయన మూడూ చేశాడు. లైసెన్స్ ఎంఐటీ పెట్టాడు, ఎవరైనా వాడుకొని, మార్చి, పంచుకోవచ్చనేది. మొత్తం ఐదుగురు బయటివాళ్ళ కోడ్ కూడా లోపల ఉంది, నలుగురు మెయిల్‌లో సరే అన్నారు, ఐదో ఆయన జాడ తెలియలేదు. ఆయన రాసింది అంకెల మార్పిడి, నలభై వరుసలు. దాన్ని తీసేసి కొత్తగా రాసుకున్నాం.

నోటుబుక్కు

అసలు మలుపు ఇది, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను.

సార్ పుస్తకం పేజ్‌మేకర్‌లో తెరవాలంటే పేజ్‌మేకర్ ఉండాలి. చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో, నా దగ్గర లేదు. చౌరస్తా దగ్గర ఒక అక్క షాపు నడుపుతుంది, 1990ల చివర నుంచి అదే పని, పెండ్లి కార్డులు, కరపత్రాలు, స్కూలు ప్రశ్నపత్రాలు, పుస్తకాలు. ఆమె మిషన్ మీద తెరిపించుకోవడానికి వెళ్ళాను. మాటల్లో ఈ కన్వర్టర్ పేరు చెప్తే "అగో, అది మేం వాడుతం కదా" అని టేబుల్ సొరుగులోంచి పొడుగు నోటుబుక్కు తీసింది. పేజీకి మధ్యలో గీత. ఎడమవైపు కన్వర్టర్ ఏం ఇచ్చిందో, కుడివైపు ఏం రావాలో. పైన ఫాంటు పేరు, కొన్నిచోట్ల తేదీ. నాలుగేండ్లుగా రాస్తోందట. కొత్తగా వచ్చిన ఆపరేటర్ పిల్లలకు ఆ బుక్కు ఇచ్చి, మార్చిన ఫైలులో ఇవి వెతికి సరిచెయ్యి అని చెప్తుంది.

"ఇదంతా ఇష్యూల రాయకపోయినవా అక్కా?" అని అడిగాను.

"యాడ రాయాలె తమ్మీ? ఆ పేజీ నిండ ఇంగ్లీషు. అకౌంటు చేయమంటది, పాస్‌వర్డ్ అంటది, ఇంగ్లీషుల ఏదో ఫారం నింపమంటది. నాకు రాని ఒత్తు ఏదో నాకు తెలుసు, గది చెప్పనీకి జాగ లేదు."

నేను ఇంటికి వచ్చి ఆ రాత్రి చాలాసేపు దాని గురించే ఆలోచించాను. ఆరు నెలలుగా నేను వెతుకుతున్న కొలబద్ద ఇదే. ప్రాజెక్టు ఆగిపోయింది ప్రోగ్రామర్లు లేక కాదు. ఏది తప్పో ఖచ్చితంగా తెలిసిన మనుషులు షాపుల్లో కూర్చొని ఉన్నారు, వాళ్ళు లోపలికి వచ్చే తలుపు మేం పెట్టలేదు, అంతే.

మర్నాటి నుంచి రెండు వారాలు సాయంత్రాలు షాపులో కూర్చున్నాను. పద్ధతి చాలా మామూలుది. ఒక షీట్, మూడు గళ్ళు: పాత ఫాంటులో టైపు చేసింది, యూనికోడ్‌లో రావలసింది, ఫాంటు పేరు. ఆమె తన అలవాటైన ఆపిల్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్‌లో (కీల అమరికలో) మొదటి గడి కొడుతుంది, నేను రెండో గడి నింపుతాను, ఆమె చదివి సరే అంటుంది. ఆ షీట్‌నే ఒక టెక్స్ట్ ఫైలుగా రిపోలో పెట్టి, ప్రతి వరుసనూ ఒక టెస్ట్‌గా నడిపే చిన్న ప్రోగ్రాం రాశాను. తప్పితే "పత్రిక రావాలి, ప్రతిక వచ్చింది" అని తెలుగులోనే చెప్తుంది. కోడ్ తెలియనివాళ్ళు కూడా చదువుకోవచ్చు.

ఒక జాగ్రత్త. బుక్కులో ఉన్నవి చాలావరకు కస్టమర్ల పనుల్లోంచి వచ్చినవి, పెండ్లికొడుకు పేరు, ఇంటి నంబర్, ఫోన్ నంబర్. వాటిని తీసుకెళ్ళి అందరికీ కనిపించే రిపోలో పెట్టకూడదు. అందుకని పేర్లన్నీ తీసేసి ఊర్ల పేర్లు పెట్టాం. మన దగ్గరి ఊర్ల పేర్లకు మించిన పరీక్ష ఇంకోటి లేదని అప్పుడు తెలిసింది. వర్ధన్నపేట, ధర్మసాగర్, పర్వతగిరి, ఆత్మకూరు, హసన్‌పర్తి, స్టేషన్ ఘన్‌పూర్, మైలారం, జమ్మికుంట, పెద్దపల్లి. ఒత్తులు, పొల్లు, ఐత్వం, అన్నీ వీటిలోనే వస్తాయి.

మొదటిసారి నడిపినప్పుడు 412 వరుసల్లో 137 తప్పాయి. వింటే భయంగా ఉంటుంది కానీ నాకు అదే మొదటి మంచి రోజు, ఎందుకంటే తప్పులకు తొలిసారి ఒక లెక్క దొరికింది. గుంపులు కడితే 137లో వందకు పైగా మూడే కారణాల వల్ల.

మొదటిది ర ఒత్తు. ఆ ముక్క అక్షరానికి ఎడమ నుంచి మొదలై కిందికి వంగుతుంది కాబట్టి కొన్ని పాత ఫాంట్లలో దాన్ని అక్షరం కంటే ముందే కొడతారు. యూనికోడ్‌లో వరుస తిరగబడుతుంది, ముందు త, ఆ తర్వాత పొల్లు గుర్తు, ఆ తర్వాత ర. కన్వర్టర్ ఆ ముక్కను దానికంటే ముందు కొట్టిన 'ప'కు తగిలించేస్తే పత్రిక ప్రతిక అవుతుంది. దాని తర్వాత వచ్చే 'త'కు తగిలించాలి. ఏ ఫాంటులో ముందు కొడతారు, ఏ ఫాంటులో తర్వాత కొడతారు అనేది అక్కను అడిగి ఫాంటువారీగా ఒక పట్టికలో పెట్టాం.

రెండోది పొల్లు. హసన్‌పర్తిలో నకారం విడిగా నిలబడాలి. యూనికోడ్‌లో న, పొల్లు, ప పక్కపక్కన పెడితే ప ఒత్తుగా దిగిపోయి హసన్పర్తి అవుతుంది. మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం, జీరో విడ్త్ నాన్ జాయినర్, పెట్టాలి. పాత ఫాంటులో న్ అనే బొమ్మ విడిగా ఉంటుంది కాబట్టి ఆపరేటర్ ఉద్దేశం మనకు స్పష్టంగా తెలుస్తుంది, పాత కోడ్ దాన్ని పారేస్తోంది. ఇక్కడ ఒక కొత్త కుర్రాడు భద్రత కోసం ప్రతి సంయుక్తాక్షరంలోనూ అది పెట్టేద్దాం అని మార్పు పంపాడు. వద్దన్నాను. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లను కూల్చేసింది గుర్తుందా, జ్ఞా? ఆ వరుసలో ఞ తర్వాత దీర్ఘానికి ముందు ఇదే కనిపించని అక్షరం ఉంది. ఆ తప్పు ఫోన్ సాఫ్ట్‌వేర్‌ది, సరిచేశారు కూడా, కానీ అవసరం లేనిచోట దీన్ని చల్లితే వెతుకులాటలో పదం దొరకదు, పక్క ప్రోగ్రాంలు తడబడతాయి. పొల్లు బొమ్మ తర్వాత హల్లు వస్తేనే పెట్టాలి అని రాసుకున్నాం.

మూడోది ఐత్వం. మైలారంలోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం కింద ఇంకో గుర్తు పెట్టి రెండుగానూ రాయొచ్చు. తెర మీద ఒకటే. కన్వర్టర్ రెండోరకం ఇచ్చేది, అందుకని సార్ తన పుస్తకంలో మైలారం అని వెతికితే దొరికేది కాదు. రెండు రకాలనూ ఒకే రూపానికి తెచ్చే నార్మలైజేషన్ అనే ఒక్క వరుస కోడ్‌తో ఇది తీరిపోయింది.

ఒక వరుస మీద మాత్రం వాదన నడిచింది. బుక్కులో ఎడమ "హన్మకొండ", కుడి "హనుమకొండ" అని ఉంది. 2021 ఆగస్టులో జిల్లా పేరు హనుమకొండ అని మార్చాక అక్క అట్లా సరిచేసుకుంటోంది. కానీ కస్టమర్ కొట్టించింది హన్మకొండ. కన్వర్టర్ మార్చాలి, దిద్దకూడదు. ఇరవై ఏండ్ల కిందటి పుస్తకంలో ఆ రోజు ఎట్లా రాశారో అట్లాగే ఉండాలి. ఆమె ఒప్పుకుంది, ఆ వరుస తీసేశాం.

పైథాన్ 3, పాత మిషన్లు

కొలబద్ద దొరికాక మిగతాది కష్టమైనా దారి తెలిసిన పని. పైథాన్ 3కు మార్చడంలో అసలు తలనొప్పి బైట్లు, అక్షరాలు పైథాన్ 2లో కలగలిసి ఉండటం. ఆటోమేటిక్ పరికరం ప్రింట్ వాక్యాలు మారుస్తుంది కానీ ఇది చేత్తోనే చేయాలి, ముఖ్యంగా పాత ఫాంట్ ఫైళ్ళు విండోస్ 1252 ఎన్‌కోడింగ్‌లో (ఏ అంకె ఏ గుర్తో చెప్పే పట్టికలో) ఉంటే దాన్ని లాటిన్ 1 అనుకొని చదివితే నడిమి స్థానాల్లో ఉన్న ముక్కలన్నీ పోతాయి. టెస్టులు నడిపే ట్రావిస్ ఉచిత సర్వీసు పాత చిరునామాలో 2021 జూన్‌లోనే మూతపడింది, గిట్‌హబ్ వాళ్ళ అట్లాంటి సర్వీసే అయిన యాక్షన్స్‌కు మార్చాం.

ఇక్కడ నాకు తెలియని సంగతి ఒకటి షాపు నేర్పింది. నేను హుషారుగా పైథాన్ 3.10తో విండోస్ ఫైలు తయారుచేసి ఇస్తే అక్క మిషన్ మీద తెరుచుకోనే లేదు. అది విండోస్ 7. పైథాన్ 3.9 నుంచి విండోస్ 7 మీద నడవదు. పేజ్‌మేకర్ కోసమే ఆ మిషన్లను అట్లా ఉంచుకున్నారు, కొత్తది కొనమని చెప్పడం మన పని కాదు. అందుకని షాపులకు ఇచ్చే ఫైలును 3.8తోనే, 32 బిట్‌లో కట్టాం, ఇంటర్నెట్ లేకుండా నడిచేటట్టు. యాంటీవైరస్ అడ్డుపడితే ఏం చేయాలో ఒక పేజీ తెలుగులో రాసి పెట్టాం.

ఇంగ్లీషు పదాల గొడవ ఇంకో పెద్దది. ఫైలును వట్టి టెక్స్ట్‌గా తీస్తే ఏ ముక్క ఏ ఫాంటులో ఉందో పోతుంది, మధ్యలో ఉన్న ఇంగ్లీషు పదం కూడా తెలుగు అనుకొని మార్చేస్తుంది, డాక్టర్ పేరు పక్కన ఎంబీబీఎస్ ఏదో వింత తెలుగైపోతుంది. ఆర్‌టీఎఫ్‌గా తీస్తే ప్రతి ముక్కకూ ఫాంటు పేరు అంటిపెట్టుకొని ఉంటుంది. ఆ పేరు చూసి అను ఉన్నచోట మాత్రమే మార్చే భాగం రాసింది, అక్టోబర్‌లో వచ్చిన ఆ ఇద్దరిలో ఒకమ్మాయి. ఈసారి ఆమెకు నేను ఇచ్చింది స్పష్టమైన పని: ఈ పన్నెండు వరుసలు తప్పుతున్నాయి, ఇవి దాటాలి, మిగతావి చెడకూడదు. పదిరోజుల్లో చేసింది.

61 ఇష్యూలు బాట్ (తనంతట తాను పనిచేసే ప్రోగ్రాం) పెట్టి మూసేయమని చాలామంది సలహా ఇచ్చారు. నాకు మనసొప్పలేదు. ఐదేండ్ల కింద ఒక మనిషి టైం తీసుకొని రాసిన దానికి జవాబు ఇవ్వాల్సింది మేం. ఒక్కోటి చదివి, షీట్‌లో వరుసగా మార్చి, సరైందో లేదో చెప్పి మూశాను. రెండు నెలలు పట్టింది. రాసినవాళ్ళలో ముగ్గురు తిరిగి వచ్చారు, వాళ్ళలో ఒకాయన జగిత్యాలలో షాపు నడిపే మనిషి, శ్రీలిపి ఫాంట్లు ఆయనకు కొట్టిన పిండి.

ఇప్పుడు ఇష్యూ రాయడానికి గిట్‌హబ్ అకౌంటు అక్కర్లేదు. షాపువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఫోటో పెడితే చాలు, మాలో ఒకరు షీట్‌లోకి ఎక్కిస్తారు. ప్రోగ్రామర్ మిత్రులు కొందరికి ఇది నచ్చదు, పద్ధతి కాదంటారు. వరుసలు ఇప్పుడు రెండు వేలు దాటాయి, అందులో ఎక్కువ ఆ ఫోటోల నుంచి వచ్చినవే.

విడుదల తేదీలు కూడా షాపు క్యాలెండర్ చూసే పెడతాం. లగ్గాలప్పుడు, సర్పంచ్ ఎన్నికలప్పుడు ఎవరికీ ఊపిరాడదు. అప్పుడు కొత్త వెర్షన్ ఇచ్చి అందులో తప్పొస్తే ఒక షాపు పని ఆగిపోతుంది. ముహూర్తాలు లేని మూఢంలో ఇస్తాం, అప్పుడు వాళ్ళకు పరీక్షించే తీరిక ఉంటుంది.

తాళాలు ఎవరి దగ్గర

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు కుటుంబంతో వెళ్ళాను. ఆ నాలుగు రోజులు సిగ్నల్ సరిగ్గా అందలేదు. తిరిగి వచ్చి చూస్తే ఒక తప్పు దొరకడం, సరిచేయడం, జగిత్యాల అన్న పరీక్షించడం, ఆ అమ్మాయి విడుదల చేయడం అన్నీ అయిపోయాయి. నాకు చాలా సంతోషమైంది.

నెల తర్వాత, మార్చి 29న, ఎక్స్‌జెడ్ వ్యవహారం బయటపడింది. లినక్స్ మిషన్లలో అంతటా వాడే ఒక చిన్న లైబ్రరీలోకి కొత్తగా వచ్చిన ఒక మనిషి రెండేండ్లకు పైగా ఓపికగా మంచి పని చేసి, అలిసిపోయిన పాత మెయింటెయినర్ (ప్రాజెక్టును చూసుకునే మనిషి) నమ్మకం సంపాదించి, విడుదల ఫైళ్ళలో దొంగ దారి పెట్టాడు. "ఇంకొకరికి ఇచ్చెయ్యి" అని వేరే పేర్లతో ఆ మెయింటెయినర్‌ను ఒత్తిడి పెట్టినవాళ్ళూ ఉన్నారు. లాగిన్ అర సెకను ఆలస్యం కావడం చూసి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ పట్టుకోకపోతే ఏమయ్యేదో. అది చదువుతుంటే నాకు ఆ మొదటి ఫోన్ గుర్తొచ్చింది. అలిసిపోయిన మనిషికి ముక్కూ మొహం తెలియని నేను ఫోన్ చేసి తాళాలు అడిగాను, ఆయన ఒక్క రాత్రిలో ఇచ్చేశాడు. నేను మంచివాణ్ణే కావొచ్చు, ఆయనకు ఎట్లా తెలుసు?

ఆ వారమే కూర్చొని మార్చాం. ఏ మార్పయినా ఇద్దరు చూడాలి. విడుదల ఫైలు ఎవరి ల్యాప్‌టాప్ మీదా కట్టకూడదు, అందరికీ కనిపించే కోడ్ నుంచి యాక్షన్స్‌లోనే కట్టాలి. కొత్తవాళ్ళకు రాసే అనుమతి ఇచ్చేముందు ఒకసారైనా ముఖాముఖి, కనీసం వీడియోలో, మాట్లాడాలి. మొదట రాసిన అన్న ఇప్పటికీ యజమానుల్లో ఒకరు, తీసేయమని ఆయన అడిగినా మేం ఒప్పుకోలేదు.

సార్ పుస్తకం 2022లోనే పూర్తయ్యింది, మనవరాలు చదివి రెండుచోట్ల ఇంటిపేర్లు తప్పున్నాయని పట్టుకుందట, అవి టైపింగ్ తప్పులు కావు, సార్ రాసినప్పుడే తప్పు రాశారట. ఇప్పుడు రెండో కూర్పు పనిలో ఉన్నారు, ఈసారి యూనికోడ్‌లోనే టైపు చేయిస్తున్నారు. మా దగ్గర ఇంకా తెరిచి ఉన్నవి 14 ఇష్యూలు. వాటిలో నాలుగు ఒకే పాత ఫాంటువి, దానిలో కొట్టే ఆపరేటర్ ఇప్పటిదాకా మాకు దొరకలేదు. హుజూరాబాద్‌లో ఒక షాపులో ఆ ఫాంటు ఉందని అక్క ఎవరి దగ్గరో విన్నది. వచ్చే ఆదివారం ఇద్దరం బస్సుకు వెళ్తున్నాం, ఖాళీ నోటుబుక్కు ఒకటి ఇప్పుడే కొని పెట్టింది.